జపాను రైళ్ళలో నలుగురు మాస్టార్లు

మేము నలుగురం ఒకే హైస్కూల్లో చాలా ఏళ్ళు పనిచేసి, ఒకరి తరవాత ఒకరం రిటైరయినవాళ్ళం: లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు, డ్రిల్లు మాస్టారు, నేను. లెక్కల మాస్టారి అమ్మాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నది. ఆ అమ్మాయి పిలవగా నిరుడు అక్టోబరు నెలలో జపాను వెళ్ళి, పది రోజులపాటు అక్కడి రైళ్ళెక్కి తిరిగాము. నేను హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి గనక జట్టుకు పెత్తనం నాదే అని అందరూ ఒప్పుకున్నారు. కాని మూడో రోజుకల్లా ఆ పెత్తనం డ్రిల్లు మాస్టారి చేతికి పోయింది. అది ఎట్లా పోయిందో చెబుతాను.

ముందు జపాను పటం ఒకసారి చూడండి, పిల్లలూ. సముద్రంలో వంగి పడుకున్న రొయ్యలాగా పొడుగ్గా ఉంటుంది. నాలుగు పెద్ద దీవులు, వేలకొద్దీ చిన్న దీవులు. నేలలో దాదాపు ముప్పాతిక వంతు కొండలే. అందుచేత పెద్ద ఊళ్ళన్నీ సముద్రం పక్కనున్న కాస్త చదును నేల మీద, ఒకదాని తరవాత ఒకటి దండ గుచ్చినట్టు ఉన్నాయి. ఆ దండకు దారం రైలు.

మన దేశంలో మొదటి రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది గదా. జపానులో మొదటి రైలు 1872లో టోక్యోలోని షింబాషి నుంచి యొకొహామాకు నడిచింది. ఇంగ్లీషు ఇంజనీర్లు వచ్చి వేయించారు. ఆ పట్టాల మధ్య ఎడం 1,067 మిల్లీమీటర్లు మాత్రమే. మన బ్రాడ్‌గేజి 1,676. ఇరుకు పట్టాల మీద, కొండల వంపుల్లో, రైలు ఎంతని పరుగెత్తగలదు? అందుకని 1,435 మిల్లీమీటర్ల ఎడంతో, పెద్ద వంపులు లేకుండా, ఒక్క గేటు కూడా లేకుండా, వేరే దారి వేశారు. దాని పేరు షింకన్సెన్. కొత్త ప్రధాన మార్గం అని అర్థం. 1964 అక్టోబరు 1న టోక్యో నుంచి ఒసాకాకు గంటకు 210 కిలోమీటర్ల వేగంతో ఆ రైలు బయలుదేరింది. తొమ్మిది రోజుల తరవాత టోక్యోలో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. లోకం అంతా దాన్ని బుల్లెట్ రైలు అన్నది. మన ముంబయి, అహమ్మదాబాదుల మధ్య జపాను సాయంతో వేస్తున్నది ఈ రకం దారే.

టోక్యోలో మొదటి రెండు రోజులూ మామూలు రైళ్ళలోనే తిరిగాము. ఊళ్ళో తిరిగే రైళ్ళు, పొద్దున పూట కిటకిటలాడిపోతాయి. అంత జనంలోనూ గొడవ లేదు. ప్లాట్‌ఫారం మీద గీతలు గీసి ఉంటాయి. ఆ గీతల వెంట వరసగా నిలబడతారు. దిగేవాళ్ళు దిగాకే ఎక్కుతారు. రైల్లో ఫోను మాట్లాడరు. నన్ను మాత్రం ఇవన్నీ ఆకట్టుకోలేదు. నేను చూసింది పిల్లల్ని. ఆరేళ్ళూ ఏడేళ్ళూ ఉన్న పిల్లలు, వీపున తోలు సంచీ, నెత్తిన టోపీ పెట్టుకుని, పెద్దవాళ్ళెవరూ వెంట లేకుండా రైలెక్కి బడికి పోతున్నారు. ఒక చిన్నది తన స్టేషను రాగానే పెద్దల కాళ్ళ మధ్యనుంచి దూరి దిగిపోయింది. దాని సంచీ దానికన్నా పెద్దదిగా ఉంది. ముప్పై ఏళ్ళు బడి గేటు దగ్గర నిలబడి పిల్లల్ని అప్పగించుకున్నవాణ్ణి. నాకు గుండె కాస్త దడదడలాడింది. తక్కినవాళ్ళెవరూ అటు చూడనైనా లేదు.

మూడో రోజు ఉత్తరాన హొక్కయిదో దీవికి ప్రయాణం. టోక్యో స్టేషనులో ఆకుపచ్చని రైలు వచ్చి ఆగింది. పేరు హయబుసా, అంటే డేగ. ముక్కు 15 మీటర్ల పొడుగు! మనుషులు దిగగానే శుభ్రంచేసేవాళ్ళు లోపలికి వెళ్ళారు. ఈ స్టేషనులో ఇటువంటి రైలు తిరిగి బయలుదేరటానికి ఇచ్చే వ్యవధి 12 నిమిషాలు. దిగటానికీ ఎక్కటానికీ పోగా తుడవటానికి ఏడు నిమిషాలు మిగులుతుంది. ఆ ఏడు నిమిషాల్లో చెత్త ఏరి, బల్లలు తుడిచి, సీట్లన్నిటినీ గిరుక్కున వెనక్కి తిప్పారు. రైలు వచ్చిన దిక్కుకే తిరిగి పోతుంది గదా, ప్రయాణీకులు ముందుకు చూస్తూ కూర్చోవాలని! తరవాత బయటికి వచ్చి, వరసగా నిలబడి, మాకు వంగి నమస్కారం చేశారు. లెక్కల మాస్టారు చేతి గడియారం చూసుకుని, "ఇంకా పదిహేను సెకన్లు మిగిలాయి!" అన్నారు.

అప్పుడే డ్రిల్లు మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని, "హెడ్మాస్టరుగారూ, అటు చూడండి. ఆ మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడండీ?" అన్నారు.

తెల్ల చేతి తొడుగులు వేసుకున్న రైల్వే ఉద్యోగి ఒకడు ప్లాట్‌ఫారం అంచున ఒక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యి బారుగా చాపి, చూపుడు వేలితో రైలు వెనక భాగాన్ని చూపించి ఏదో బిగ్గరగా అన్నాడు. తరవాత గడియారాన్ని చూపించి ఇంకేదో అన్నాడు. తరవాత సిగ్నలుకేసి చూపించాడు. ఎదట ఎవరూ లేరు.

సంగతి లెక్కల మాస్టారి అమ్మాయి చెప్పింది. ఇక్కడి రైల్వేవాళ్ళందరూ అట్లాగే చేస్తారట. చూడవలసిన దాన్ని కంటితో చూసి ఊరుకోరు. వేలితో చూపించి, నోటితో చెబుతారు. ఆ మాట చెవిన పడుతుంది. కన్ను, చెయ్యి, నోరు, చెవి, నాలుగూ కలిసి పనిచేస్తే మనసు పక్కదారి పట్టదు. ఆవిరి ఇంజన్ల కాలంలోనే ఇది మొదలైంది. డ్రైవరు సిగ్నలు చూసి దాని సంగతి గట్టిగా చెబితే, బొగ్గువేసే మనిషి దాన్ని తిరిగి చెప్పేవాడు. 1994లో జపాను రైల్వే పరిశోధన సంస్థవారు దీన్ని పరీక్ష పెట్టి చూశారు. ఊరికే చేస్తే 100 పనుల్లో 2.38 తప్పులు వచ్చాయి. చూపించి, చెప్పి చేస్తే 0.38 మాత్రమే వచ్చాయి.

"దాదాపు ఆరో వంతు!" అన్నారు లెక్కల మాస్టారు. మీరూ భాగించి చూసుకోండి.

మన రైళ్ళలో కూడా డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నలు రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఇంజను దగ్గర నిలబడే అవకాశం వస్తే చెవి ఒగ్గి వినండి.

"ఇది డ్రిల్లేనండీ! అచ్చంగా డ్రిల్లే!" అన్నారు మా డ్రిల్లు మాస్టారు. బళ్ళో ఆయన పీరియడును ఎప్పుడు పడితే అప్పుడు పరీక్షలకోసం లాగేసుకునేవాళ్ళం. ఇన్నాళ్ళకు ఆయనకు న్యాయం జరిగినట్టయింది. అక్కడికక్కడే మా చేత, "టిక్కెట్టు, ఉంది! పాసుపోర్టు, ఉంది! కళ్ళజోడు, ఉంది! సంచీ, ఉంది!" అని వేలు చూపించి చెప్పించారు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది.

రైలు కదిలినట్టే తెలియలేదు. ఊరు దాటాక గంటకు 320 కిలోమీటర్ల వేగం అందుకుంది. దగ్గరి కరెంటు స్తంభాలు గీతల్లాగా పోతున్నాయి. దూరంగా కోసిన వరిచేలు, వాటి వెనక కొండలు మాత్రం నెమ్మదిగా తిరుగుతున్నాయి. లెక్కల మాస్టారు శాకాహారి. స్టేషనులో అమ్మే భోజనం పెట్టెలు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను గాని, అన్నిటిలోనూ చేప ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. చివరికి ఆయనకు అన్నం ముద్ద దొరికింది. మధ్యలో ఉప్పులో ఊరవేసిన ఎర్రటి పుల్లని పండు. దాన్ని ఉమెబోషి అంటారు. ఒక ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, "మా అమ్మ పెట్టిన ఉసిరికాయ!" అన్నారు.

ఈ దారి వెంట సైన్సు మాస్టారు మాకు భూకంపాల పాఠం చెప్పారు. భూకంపం వచ్చినప్పుడు భూమిలోనుంచి రెండు రకాల అలలు బయలుదేరుతాయి. మొదటిది వడిగా వస్తుంది, పెద్ద నష్టం చేయదు. రెండోది నెమ్మదిగా వస్తుంది, ఇళ్ళు కూలగొట్టేది అది. ఈ రెంటికీ మధ్య దొరికే కొద్ది సెకన్లే రైలుకు ప్రాణం. సముద్రపు ఒడ్డునా, పట్టాల వెంటా భూకంప యంత్రాలు పెట్టారు. అవి భూమి కదలికను పసిగట్టగానే పట్టాలమీది కరెంటు దానంతట అదే పోతుంది. రైళ్ళకు బ్రేకులు పడతాయి. 2011 మార్చి 11న మహా భూకంపం వచ్చినప్పుడు, మేము పోతున్న ఈ దారిలోనే 27 రైళ్ళు పరుగెడుతున్నాయి. ప్రయాణీకులున్న ఒక్క రైలు కూడా పట్టాలు తప్పలేదు. ఆనాడు సముద్రం పొంగి ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. ఆ ఊళ్ళన్నీ మా కుడిచేతి వైపు, కొండల అవతల ఉన్నాయి.

అయొమొరి దాటాక రైలు వేగం తగ్గింది. కిటికీ నల్లబడింది. మేము సముద్రం కిందికి దిగుతున్నాము.

దీన్ని సెయికన్ సొరంగం అంటారు. పొడుగు 53.85 కిలోమీటర్లు, అందులో 23.3 కిలోమీటర్లు సముద్రం అడుగున. నీళ్ళ లోతు 140 మీటర్లున్న చోట, ఆ అడుగు నేలకు ఇంకా 100 మీటర్ల కిందుగా పట్టాలు పోతాయి. ఇక్కడ పట్టాలు రెండు కావు, మూడు! సామాను బళ్ళు పాత ఇరుకు రకంవి, మా బండి వెడల్పు రకంది. ఒక పట్టా ఇద్దరికీ ఉమ్మడి. మన బండి గాలివిసురుకు ఎదురుగా వచ్చే సామాను బండి పెట్టెలు అదరకూడదు గనక, మామూలు రోజుల్లో లోపల వేగం గంటకు 160 మాత్రమే. ఆ వేగంతో 54 కిలోమీటర్లు పోవటానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? లెక్కల మాస్టారు ఇరవై అని ముందే కట్టేశారు. గడియారం ఇరవై రెండు చూపించింది. ఆ రెండు నిమిషాల సంగతి ఆయనకు రాత్రిదాకా పట్టుకుంది.

ఈ సొరంగం తవ్వటం మాటలు కాదు. ముందు ఒక సన్నటి సొరంగం తవ్వుకుంటూ పోయేవారు. రాయి ఎట్లాంటిది, నీళ్ళున్నాయా అని దానివల్ల తెలిసేది. మెత్తని రాయి తగిలితే అందులోకి సిమెంటు పాలు ఎక్కించి, గట్టిపడ్డాకే తవ్వేవారు. అయినా నాలుగుసార్లు నీళ్ళు విరుచుకుపడ్డాయి. పని పూర్తయ్యేలోపల 34 మంది ప్రాణాలు పోయాయి. ఈనాటికీ ఊటనీళ్ళను పంపులు రాత్రింబవళ్ళు బయటికి తోడుతూనే ఉన్నాయి.

ఇంత కష్టం ఎందుకు పడ్డారో హకోదాటె వెళ్ళాక తెలిసింది. ఆ ఊరి రేవులో మాషూ మారు అనే పెద్ద ఓడను కట్టి ఉంచారు. 1908 నుంచి ఎనభై ఏళ్ళపాటు ఈ జలసంధిని ఓడల మీదే దాటేవారు. రైలు పెట్టెల్ని పెట్టెలుగానే ఓడ కడుపులోకి తోసేవారు. ఓడలోపల పట్టాలుండేవి! 1954 సెప్టెంబరు 26న తుఫాను వచ్చింది. ఆ సాయంత్రం కాసేపు గాలి తగ్గి ఆకాశం తేటపడింది. తుఫాను దాటిపోయిందనుకుని తోయా మారు అనే ఓడ ప్రయాణీకులతో బయలుదేరింది. రేవు దాటగానే గాలి మళ్ళీ లేచింది. ఆ రాత్రి తీరానికి కూతవేటు దూరంలో ఓడ తిరగబడింది. 1,100 మందికి పైగా చనిపోయారు. మన దేశంలోనూ 1964 డిసెంబరులో ధనుష్కోటి దగ్గర తుఫాను ఒక రైలునే సముద్రంలోకి లాక్కుపోయింది. మా తరంవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. సముద్రం కిందుగా దారి వేయాలన్న ఆలోచన జపానువారికి అంతకుముందే ఉన్నా, ఆ రాత్రి తరవాత అది ఊరికే ఆలోచనగా ఉండలేదు. 1988 మార్చి 13న సొరంగంలో రైలు నడిచింది. ఆ రోజుతోనే ఓడల రోజువారీ ప్రయాణాలు ముగిశాయి. షింకన్సెన్ దీనిగుండా రావటం 2016లో మొదలైంది.

ఆ ఓడ మీద నిలబడి నీళ్ళకేసి చూస్తూంటే సైన్సు మాస్టారు జేబులు తడుముకున్నారు. కళ్ళజోడు లేదు! షింకన్సెన్ దిగి హకోదాటెకు చిన్న రైల్లో వచ్చాము గదా, దిగే తొందరలో ఆ ఒక్కసారీ వేళ్ళు చూపించటం, "ఉంది" అనటం జరగలేదు. స్టేషనుకు పరుగెత్తాము. మాకు భాష రాదు. డ్రిల్లు మాస్టారు రెండు వేళ్ళు సున్నాలు చుట్టి కళ్ళ దగ్గర పెట్టుకుని చూపించారు. ఉద్యోగి లోపలికి వెళ్ళి, చిన్న సంచీలో పెట్టిన కళ్ళజోడు తీసుకొచ్చాడు. దాని మీద రైలు పేరు, పెట్టె నంబరు రాసి ఉన్న చీటీ కట్టి ఉంది. ఆ క్షణాన పెత్తనం చేతులు మారింది. ఆ తరవాత ప్రతి స్టేషనులోనూ నేనుకూడా వేలు చాపి అరిచాను.

తిరిగి టోక్యో వచ్చి, ఈసారి పడమటికి, హిరోషిమాకు బయలుదేరాము. 800 కిలోమీటర్లకు పైగా దూరం, నాలుగు గంటల ప్రయాణం. ఫుజి కొండను చూడాలని కుడివైపు సీట్లు అడిగి తీసుకున్నాము. 3,776 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మేము పోయేవేళకు మబ్బు కప్పుకుని పడుకుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పటానికి లేదు.

ఒసాకా దాటాక దారిలో సగం సొరంగాలే. రైలు వడిగా సొరంగంలోకి దూరితే, లోపలి గాలి నొక్కుకుపోయి అవతలి కొసన ఫిరంగి పేలినట్టు చప్పుడయ్యేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు నిద్ర ఉండేది కాదు. ఈ చిక్కు విప్పవలసిన ఇంజనీర్లలో పక్షుల్ని గమనించే సరదా ఉన్న ఆయన ఒకరున్నారు. లకుముకి పిట్ట చేపకోసం నీళ్ళలో దూకినప్పుడు నీళ్ళు చిందవు గదా! గాలిలోనుంచి నీళ్ళలోకి పోయే ఆ ముక్కు పోలికను రైలుకు తెచ్చారు. 1997లో ఆ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచింది. మన చెరువు గట్టున తీగ మీద కూర్చునే పిట్టే అది. ఈసారి కనిపిస్తే ముక్కు బాగా చూడండి.

హిరోషిమాలో రైలు దిగి ట్రాము ఎక్కాము. వీధుల్లో పట్టాల మీద నడిచే చిన్న బండి. కొత్తవి తళతళలాడేవి చాలా ఉన్నాయి. మా ముందుకు వచ్చింది మాత్రం పాతది. ముఖం మీద 652 అని నంబరు వేసి ఉంది. ఆ నంబరు చూడగానే లెక్కల మాస్టారి అమ్మాయి, "ఎక్కండి, ఎక్కండి, ఇది అదే!" అన్నది.

1945 ఆగస్టు 6న ఉదయం 8 గంటల 15 నిమిషాలకు ఈ నగరం మీద అణుబాంబు వేశారు. ఆ సంవత్సరం ఆఖరులోగా సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా. ఆ రోజు దెబ్బతిన్న ట్రాము బళ్ళలో 652 ఒకటి. బాగుచేశారు, ఇప్పటికీ నడుస్తున్నది.

ఆ రోజుల్లో మొగవాళ్ళు యుద్ధానికి పోవటంచేత ట్రాములు నడపటానికి మనుషులు లేకపోయారు. ట్రాము కంపెనీవారు 1943లో ఒక బాలికల పాఠశాల పెట్టారు. సగం పూట చదువు, సగం పూట ట్రాముల మీద పని. ఆ పిల్లల వయసు పధ్నాలుగు నుంచి పదిహేడు. అంటే మా బళ్ళో తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే ఆడపిల్లలు. వాళ్ళే టిక్కెట్లు కోశారు, వాళ్ళే బళ్ళు నడిపారు. బాంబు పడ్డప్పుడు చాలామంది పనిలో ఉన్నారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మూడు రోజులు గడిచాయి. ఆగస్టు 9న, నగరం ఇంకా బూడిదగానే ఉన్నప్పుడు, పడమటివైపు కొద్దిపాటి దూరం ట్రాము మళ్ళీ నడిచింది. ఆ మొదటి బళ్ళ మీద పనిచేసినవాళ్ళలో ఆ బడి పిల్లలున్నారు. యుద్ధం ముగిశాక ఆ సంవత్సరమే ఆ బడి మూసేశారు.

టోక్యోలో పెద్దల కాళ్ళ మధ్యనుంచి దిగిపోయిన చిన్నది నాకు జ్ఞాపకం వచ్చింది. హాజరు పట్టీ ఎదట పెట్టుకుని పిలిస్తే పలకని పేర్లు ఎన్నో ఆ బడి హెడ్మాస్టరుకు తెలిసి ఉంటుంది. నేను కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బయట ఎండ, నది, చెట్లు, సైకిళ్ళ మీద పోయే పిల్లలు.

బాంబుకు మిగిలిన గుమ్మటం దగ్గర దిగాము. డబ్బులు డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేసి దిగాలి. సిగ్నలు మారగానే డ్రైవరు తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి ఎత్తి, వేలు చాపి చూపించాడు. పెదవులు కదిలాయి. అద్దం వెనకనుంచి మాట వినబడలేదు. బండి వంతెన మీదికి పోయింది.

డ్రిల్లు మాస్టారు ఆ బండి పోయినవేపే చూస్తూ నిలబడ్డారు.

"ఏం మాస్టారూ, ఇవాళ హాజరు లేదా?" అన్నారు లెక్కల మాస్టారు.

"ఆ పిల్లలకు ఇది ఎవరు నేర్పారో!" అన్నారాయన. తరవాత మావేపు తిరిగి, మెల్లిగా, "కళ్ళజోడు?" అన్నారు.

"ఉంది," అన్నారు సైన్సు మాస్టారు.